గాలి తిరిగేదాకా

జయరామయ్యకు అరవై ఆరేళ్ళు. కొడవలూరు రైసుమిల్లులో ముప్పై రెండేళ్ళు ఇంజను పక్కన నిలబడిన మనిషి. మిల్లు మూతపడ్డ రోజున యజమాని, షెడ్డులో మూలపడి ఉన్న తన పాత అంబాసిడర్ తాళాలు ఆయన చేతిలో పెట్టి, "దీన్నేం చేసుకుంటావో నీ ఇష్టం జయరామా" అన్నాడు. అది కారని పోల్చుకోవడానికే కాస్త ఓపిక కావాలి. సీట్లలో ఎలుకలు సంసారాలు పెట్టుకుని ఉన్నాయి. జయరామయ్య ఆరు నెలలు దాని కిందే పడుకుని, ఏడో నెలలో భార్య ప్రమీలమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పెంచలకోనకు పోయి వచ్చాడు. ఆ కారంటే తనకు గిట్టదని చెప్పే ప్రమీలమ్మ కూడా, అది దారిలో ఎక్కడా ఆగలేదన్న మాట మాత్రం ఈనాటికీ వదలకుండా చెబుతుంది.

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎట్లా కనిపెడతారో దేవుడికే తెలియాలి. రోడ్డు పక్కన ఎవరైనా బానెట్ ఎత్తుకుని నిలబడితే చాలు, వీళ్ళ కాళ్ళు అక్కడ ఆగిపోతాయి, ఎంత అర్జంటు పని మీద పోతున్నా సరే. వెంకటాచలం దగ్గర హైవే మీద అట్లా ఆగిన కారు దగ్గరే సుబ్బు దొరికాడు. సుబ్బు కరెంటాఫీసులో లైన్‌మన్, యాభై దాటినవాడు. తర్వాత తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే అశోక్ కలిశాడు. ఆపైన మైపాడు పక్క రొయ్యల గుంటలు సాగు చేసుకునే పెంచల్. నలుగురివీ అంబాసిడర్లే. నలుగురి ఇళ్ళలోనూ ఆడవాళ్ళు వాటిని తిట్టిపోసేవాళ్ళే.

పదకొండేళ్ళుగా వాళ్ళ ఆదివారాలు ఒకే తీరు. ఎవరి కారుకు జబ్బు చేస్తే మిగతా ముగ్గురూ వాళ్ళింటి ముందు దిగుతారు. మెకానిక్ షెడ్డు మొహం చూసే పనే లేదు. అన్నం కారుగలవాళ్ళది, పని అందరిది. ఒక్క కట్టుబాటు మాత్రం గట్టిగా ఉంది. బండి బాగయ్యాక మొదటిసారి తాళం తిప్పేది కారుగలవాడు కాదు, దాన్ని బాగుచేసిన చెయ్యి. ఆ చెయ్యి నూటికి తొంభైసార్లు జయరామయ్యదే. ఏ నట్టు ఎంత బిగించాలో ఆయన పుస్తకం చూసి చెప్పడు. పానా తిప్పుతూ ఉంటే ఒకచోట నట్టు "ఇక చాలు" అంటుంది, అది మోచేతి దాకా తెలుస్తుంది అంటాడు. మిగతావాళ్ళకు ఎన్నిసార్లు తిప్పినా ఆ మాట వినపడలేదు.

రెండేళ్ళ నుంచి జయరామయ్యకూ వినపడటం లేదు.

చక్కెర జబ్బు పదిహేనేళ్ళ కిందటే వచ్చింది. మొదట పాదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత వేళ్ళ చివర్లు, ఆపైన అరిచేతులు. నెల్లూరులో డాక్టరు సూదితో వేలి మీద పొడిచి, "తెలుస్తా ఉందా?" అని అడిగితే ఆయన కిటికీ వైపు చూస్తూ "ఆఁ" అన్నాడు. అప్పటికి డాక్టరు సూది తీసేసి ఉన్నాడు. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమనీ, ఉన్నది కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి భార్యతో "బాగానే ఉందన్నాడు" అని చెప్పి మంచమెక్కాడు.

ఈ సంగతి బయటపడితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. స్నేహితులు ఆయన్ని తరిమెయ్యరు. అట్లాంటి వాళ్ళయితే బాధే లేకపోయేది. చాప పరిచి, మజ్జిగ చేతికిచ్చి, "నువ్వు కూర్చో అన్నా, మేం చూసుకుంటాం" అంటారు. ఆ చాప మీద కూర్చునే రోజు ఒకటుందని తలుచుకుంటేనే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. మిల్లు పోయింది. పొలం కౌలుకిచ్చేశాడు. ఆదివారం ఒక్కటే మిగిలింది. అందుకని అలవాటైన చేతులను నమ్ముకుని, పళ్ళు బిగబట్టి నెట్టుకొస్తున్నాడు. నట్టు మాట వినపడకపోతే చుట్లు లెక్కపెట్టుకునేవాడు. భుజం ఎంత లాగుతోందో చూసుకునేవాడు. చేసిన బండి ఏదీ చెడిపోయి తిరిగి రాలేదు. చెయ్యి మొద్దుబారినా పని మాత్రం మరిచిపోలేదని ధైర్యం తెచ్చుకున్నాడు.

రోహిణి కార్తెలో మూడో రోజు ఆదివారమయింది. పెంచల్ కారు మరుగుతోందని వారం నుంచి ఫోన్లు. పొద్దున ఐదున్నరకే సుబ్బు కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. నిరుడు నుంచి ఇదో అలవాటు. "రెండు కార్లెందుకన్నా, కబుర్లు చెప్పుకుంటా ఒకదాంట్లో పోదాం" అంటాడు సుబ్బు. జయరామయ్య కారు షెడ్డులోనే ఉంటుంది. శనివారం శనివారం దాన్ని కడిగి తుడిచి పెట్టుకుంటాడు.

"చెప్పులు ఇడవబాక. నేల కాల్తా ఉంటుంది" అని వాకిట్లోంచి కేకేసింది ప్రమీలమ్మ. "మాత్రలు జేబులో పెట్టినా. అన్నం తిన్నాక ఏసుకో."

"పసిబిడ్డకు చెప్పినట్టు చెప్తావేందిమే" అని ఆయన విసుక్కుంటూ కారెక్కాడు. ఒంట్లో సత్తువ లేదు. రాత్రి కరెంటు పోయి, ఉక్కకు నిద్ర లేదు. ఆ మాట సుబ్బుతో అనలేదు.

పెంచల్ ఇల్లు రొయ్యల గుంటల మధ్య ఉంది. ఇంటి పక్కన తాటాకు పాక, దాని ముందర కారు. సముద్రం కిలోమీటరు దూరంలో ఉన్నా ఆ సమయంలో దాని జాడ తెలియదు. పడమటి నుంచి వచ్చే గాలి పొద్దున్నే వేడెక్కి ఉంది. ఉప్పుగాలి తిని తిని కారు తలుపుల కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. అశోక్ తెల్లవారుజామున తడలో బయలుదేరి అప్పటికే వచ్చి, కళ్ళు ఎర్రగా చేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వారమంతా షిఫ్టులు చేసిన మనిషి. అతన్ని చూస్తే జయరామయ్యకు జాలేసింది. ఈ ఎండల్లో ఎవరికి వాళ్ళు ఇంట్లో పడుకోకుండా ఇదేం పిచ్చిరా నాయనా అనిపించింది. అనిపించినా బానెట్ కనపడగానే అటే నడిచాడు.

పెంచల్ ఇంజను ఆడించి చూపించాడు. నాలుగు నిమిషాల్లో రేడియేటరు బుస కొట్టింది. వెనక తెల్లటి పొగ. జయరామయ్య ఎడం చెయ్యి ఇంజను మీద ఆనించి, లోపలికి వంగి చెవిపెట్టి విన్నాడు.

"అన్నా, అన్నా, ఇట్టా రా! పొగ ఏ రంగో చూడు" అంటూ సుబ్బు ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. లాగిన తీరు కాస్త మోటుగా ఉంది.

"కనపడతా ఉందిలేరా, తెలుపే. లాగతావేంది?" అన్నాడు జయరామయ్య. "హెడ్డు ప్యాకింగు కొట్టేసింది. ఆపేయ్ పెంచలూ. చల్లారనీ."

చల్లారాక రేడియేటరు మూత తీస్తే లోపలంతా తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. జయరామయ్య పెంచల్ వైపు చూశాడు. పెంచల్ గుంటల వైపు చూశాడు.

"యాడి నీళ్ళు పోసినావు?"

"మేత మూటలు తేవాలని తొందరలో ఉంటినన్నా... గట్టు మీద బోరుంది గదా..."

"ఆ నీళ్ళు నువ్వు తాగతావా?"

"ఉప్పగా ఉంటాయి గదన్నా. తాగను."

"నువ్వు తాగనివి దానికెట్టా పోస్తివి? ఒకసారా?"

"ఈ ఎండాకాలమంతా" అంది పెంచల్ భార్య అనూష, అంబలి గ్లాసులు పట్టుకొస్తూ. "తాగే నీళ్ళ క్యాన్లు వారానికి నాలుగే వస్తాయి. వాటిని కారుకు పోస్తే మేమేం తాగాల?"

ఆమె మాటా నిజమే. ఆ చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళకు మనుషులే కటకటలాడుతుంటే, మధ్యలో ఈ ఇనుప దాహం ఒకటి. జయరామయ్య తిట్టు మింగేసి గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

అప్పుడు చూసుకున్నాడు. ఎడమ అరచేతిలో చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది. బొటనవేలి కింద రెండు, చిటికెనవేలి పక్కన ఒకటి, మూడు బొబ్బలు లేస్తున్నాయి. ఇందాక ఇంజను మీద చెయ్యి ఆనించినప్పుడు అది పొగగొట్టం మొదట్లో ఆనింది. అది మండుతూ ఉంటుందని మిల్లులో మొదటిరోజు నేర్చుకున్న పాఠం. నొప్పి లేదు. మంట లేదు. ఎవరిదో చెయ్యి చూసినట్టుంది. కుడిచేత్తో గ్లాసు అందుకుని, ఎడమ చేతికి నూనె గుడ్డ చుట్టేసుకున్నాడు.

"చేతికి గుడ్డెందుకన్నా?" అన్నాడు అశోక్.

"చెమటకు జారతా ఉంది."

సుబ్బు ఆ గుడ్డ వైపు ఒకసారి చూసి, పానాలు తెచ్చి రేకు మీద పరిచాడు.

పని మొదలైంది. తొమ్మిదికల్లా ఎండ మొహం మీద కొట్టింది. ఇంజను నెత్తిన కూర్చునే బరువైన హెడ్డు విప్పి, నలుగురూ పట్టి దించి, మసి గీకి, ఉప్పు కడిగారు. రేకు మీద పెట్టిన పానాలు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి. పెంచల్, అశోక్ తడిగుడ్డలు చుట్టి పట్టుకుంటున్నారు. జయరామయ్య మాత్రం ఉత్తచేత్తో అందుకున్నాడు. "మీవి గుమాస్తా చేతులురా" అని ఎప్పటిలాగే ఎగతాళి చేశాడు. ముగ్గురూ నవ్వారు. ఎప్పటికంటే కొంచెం ఎక్కువగానే నవ్వారేమోనని ఆయనకు తర్వాత అనిపించింది.

నీళ్ళు ఇంజనులోకి దిగకుండా మధ్యలో వేసే ప్యాకింగు కొత్తది పరిచి హెడ్డు దించాక అసలు పని వచ్చింది. పదకొండు నట్లు. మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా బయటికి పోవాలి. ఒకేసారి బిగించకూడదు. మూడు విడతలుగా బిగించాలి. ఒకటి వదులైనా, ఒకటి మరీ బిగిసినా ప్యాకింగు మళ్ళీ కొడుతుంది. జయరామయ్య పొడుగు పానా తీసుకుని వంగాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. మూడో విడతలో ప్రతి నట్టు దగ్గరా ఆగి, ఒకప్పుడు మోచేతి దాకా వచ్చే ఆ మాట కోసం ఎదురు చూశాడు. ఏమీ రాలేదు. లెక్కపెట్టిన చుట్ల మీద, భుజం మీద భారం వేసి ముందుకు పోయాడు. ఆరో నట్టు దగ్గర లెక్క తప్పింది. ఎన్ని తిప్పానో గుర్తు రాలేదు. అందరూ చూస్తున్నారు. అరచుట్టు తిప్పి, "చాలు" అన్నాడు. ఆ "చాలు" నట్టు చెప్పింది కాదు, ఆయన అలుపు చెప్పింది.

పదకొండున్నరకు చేతులు కడుక్కున్నారు. నిన్నటి చేపల పులుసు, మామిడికాయ ముక్కలతో. పులుసన్నం తింటే అందరికీ కళ్ళు మూతలు పడ్డాయి. ఆ పక్క ఎండాకాలంలో పనికి ఒక కొలత ఉంది. మధ్యాహ్నం పడమటి గాలి మంటలాగా వీస్తున్నంతసేపూ ఎవరూ ఇనుము ముట్టరు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే అప్పుడు లేస్తారు. అది రెండుకు తిరగొచ్చు, మూడున్నరకు తిరగొచ్చు. అప్పటిదాకా పడకే.

"నువ్వు పాకలో నడుం వాల్చన్నా. గాలి తిరిగితే లేపుతాం" అన్నాడు పెంచల్. మాత్రలు వేసుకుని జయరామయ్య నులకమంచం మీద ఒరిగాడు. పడుకున్నాడనడం కంటే పడిపోయాడనడమే సబబు.

దాహానికి మెలకువ వచ్చింది. పడమటి గాలి ఇంకా అట్లాగే వీస్తోంది. తాటాకులు గలగలమంటున్నాయి. పాక వాకిట్లో అనూష ఇటు వీపు పెట్టి కూర్చుని, చాటలో ఎండు రొయ్యలు ఏరుతోంది. నీళ్ళడుగుదామని నోరు తెరవబోయాడు.

"కదల్లా. నిద్రలోనే ఉండాడు" అంది అనూష, కారు వైపు చూసి, గొంతు తగ్గించి.

ఆయన నోరు మూతపడింది. ఆమె భుజం మీదుగా చూశాడు. మంట ఎండలో ముగ్గురూ కారు మీద వంగి ఉన్నారు. హెడ్డు మీది రేకు మూత మళ్ళీ తీసి ఉంది. అశోక్ చేతిలో ఒక పొడుగు పానా ఉంది, దాని పిడి దగ్గర గడియారం లాంటి బిళ్ళ. ఎంత బిగువో చూపించే పానా అది. ఫ్యాక్టరీల్లో వాడతారు. అలాంటిది ఒకటి కొందామని ఎప్పుడో అశోక్ అంటే, "నా చెయ్యి ఉండగా అదెందుకురా" అని జయరామయ్యే కొట్టిపారేశాడు. దానికి ఇప్పుడు ఆ బిళ్ళ ఒక్కటీ వదిలి మొన నుంచి పిడి దాకా తడిగుడ్డ చుట్టి ఉంది. చెయ్యి కాలకుండా ఉండటానికి పిడికి చుడితే చాలు. మొన దాకా చుట్టింది చప్పుడు కాకుండా ఉండటానికి.

"ఇది వదులు" అని అశోక్ గుసగుస. పానా మెల్లగా తిరిగింది. "ఇది సరిపోయింది... ఇది మరీ ఎక్కువ బిగించినాడు. కొంచెం వదులు చెయ్యాల."

"నిదానంగా" అన్నాడు సుబ్బు. "చప్పుడు చెయ్యబాకండి."

జయరామయ్య లెక్కపెట్టాడు. అంతకంటే చేసేదేముంది. పదకొండు నట్లలో నాలుగు ముట్టుకుని వదిలేశారు. ఏడు సరిచేశారు. ఆరోదాని దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత మూత పెట్టేసి, పానాను గోనెసంచిలో చుట్టి అశోక్ కారు డిక్కీలో దాచారు. ఆ దాచడంలో తడబాటు లేదు. చాలాసార్లు చేసిన పనిలాగా చేశారు.

తల కొట్టేసినట్టయింది. కళ్ళు మూసుకుని, నిద్రలో ఉన్నవాడిలాగా ఊపిరి తీసి వదులుతూ పడుకున్నాడు. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిరుడు నుంచి ఆదివారం పడక పొడుగవుతూ వచ్చింది. శీతాకాలంలో కూడా "కాసేపు పడుకో అన్నా" అనేవాళ్ళు. వయసుకు మర్యాద అనుకున్నాడు. సుబ్బు కారు తన ఇంటి ముందుకు రావడం, పొద్దున పొగ రంగు చూడమని భుజం పట్టి లాగడం, ఎగతాళి చేసినప్పుడల్లా ముగ్గురూ కలిసి నవ్వడం. చెడిపోయి తిరిగి రాని ఆ బళ్ళన్నీ ఎవరి చేతి చలవో ఇప్పుడు తెలిసింది. తాను పడుకున్నాక, ఈ ఎండలో, అలిసిపోయిన ముగ్గురు మనుషులు పడక మానుకుని రెండోసారి పని చేస్తూ వచ్చారు. కోపం వచ్చింది. సిగ్గేసింది. అశోక్ ఎర్రకళ్ళు గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. ఇవన్నీ మొయ్యడానికి ఒంట్లో ఓపిక లేదు.

గాలి ఒక్కసారి ఆగింది. కొంచెంసేపు ఎక్కడా ఏమీ కదల్లేదు. తర్వాత తాటాకులు అటువైపు నుంచి ఇటువైపుకు తిరిగాయి. పాకలోకి తడి వాసన, ఉప్పు వాసన వచ్చాయి.

"అన్నా, గాలి తిరిగింది. లే" అన్నాడు సుబ్బు, పాకలోకి వంగి.

జయరామయ్య లేచాడు. మొహం కడుక్కున్నాడు. అనూష తాగే నీళ్ళ క్యాన్లు రెండు తెచ్చిపెట్టింది. ఒకటి రేడియేటరులోకి పోయింది. పెంచల్ తాళం తెచ్చి రెండు చేతులతో ఆయన ముందు పట్టాడు. ముగ్గురి మొహాల్లోనూ, అనూష మొహంలోనూ ఒకటే నవ్వు. ప్రతిసారీ చూసే నవ్వే. ఈసారి దాన్ని చూడలేకపోయాడు.

"రా అన్నా. తిప్పు."

ఆయన తాళం తీసుకోలేదు. "బాగుచేసిన చెయ్యి తిప్పాల. అదీ మన పద్ధతి."

"నువ్వేగదన్నా చేసింది" అన్నాడు అశోక్.

"నాలుగు నావి. ఏడు మీవి."

అనూష మొహంలో నవ్వు పోయింది. పెంచల్ చేతిలో తాళం అట్లాగే ఉండిపోయింది.

"ఎప్పటినించిరా?" అని సుబ్బును అడిగాడు జయరామయ్య.

సుబ్బు నేల చూపులు చూశాడు. "నిరుడు రోహిణిలో. మా ఇంటి ముందర. ఎండలో పడున్న జాకీ కడ్డీ చేత్తో పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడినావు. నీ చేతిలోంచి నేను తీసుకోబోయి, చెయ్యి కాలి కింద పడేసినా. నీకు కాల్లా."

"అప్పుడే చెప్పచ్చు గదరా?"

"చెప్తే నువ్వు మళ్ళీ రావు గదన్నా."

అది నిజం. నిజమైనందుకే ఒళ్ళు మండింది. "అందుకని పసిబిడ్డ చేతికి గిలక్కాయ ఇచ్చినట్టు వారం వారం నాకు తాళం ఇస్తా వచ్చినారు. నేను తిప్పతా ఉంటే మీరు నవ్వినారు."

"అట్టా అనబాక అన్నా!" అన్నాడు పెంచల్. "నిన్ను చూసి నవ్వలా. నువ్వు తిప్పితే అంటుకుంటుంది గదా, అందుకు నవ్వినాం. ఏ నట్టు ముందో ఏది తర్వాతో మాకెవురు చెప్పినారు? నువ్వు కాదా?"

జయరామయ్య పెంచల్ వేళ్ళను తాళం మీద మూసి, "పో. నువ్వు తిప్పు" అన్నాడు.

పెంచల్ మిగతా ఇద్దరి వైపు చూశాడు. సుబ్బు తల ఊపాడు. పెంచల్ కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను మొదటిసారికే అంటుకుంది. జయరామయ్య వంగి చెవిపెట్టాడు. ఎక్కడైనా ఒక లోపం దొరుకుతుందేమోనని వెతికాడు. ఒక చిన్న టపటప, ఒక చిన్న తడబాటు, ఏదైనా సరే. ఏదీ దొరకలేదు. పది నిమిషాలు ఆడినా నీళ్ళు మరగలేదు, పొగ రాలేదు. బ్రహ్మాండంగా చేశారు. తాను మంచిరోజుల్లో చేసినంత బాగా చేశారు.

"బాగుంది" అన్నాడు. "ఆపేయ్."

ఇంజను ఆగింది. తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మామూలుగా అయితే ఈపాటికి అందరూ కారెక్కి మైపాడు ఒడ్డు దాకా పోయి వచ్చేవాళ్ళు. జయరామయ్య బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని, ఎడమ చేతికి చుట్టిన నూనె గుడ్డ విప్పాడు. బొబ్బల్లో ఒకటి పగిలిపోయింది. గుడ్డకు చర్మం అంటుకుని వచ్చింది. అనూష "అమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున కాలింది" అన్నాడు ఆయన, ఆ చెయ్యి ముందుకు చాపి. జబ్బు సంగతి తన నోటితో చెప్పడం అదే మొదలు. "నాకు తెలియలా."

"చూసినా" అన్నాడు సుబ్బు. "చూసే లాగినా. ఆపైన నువ్వు గుడ్డ చుట్టుకుంటివి. ఏమని అడిగేది?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. రెండో క్యాను మూత తీసి, అందులో ఉన్న తాగే నీళ్ళు సగం తొట్టిలో వంచాడు. వారానికి నాలుగు క్యాన్లే అని అనూష ఈసారి అనలేదు. ఆ తొట్టి ఎత్తుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర తనే పెట్టింది.

"పెట్టన్నా. చెయ్యి ఇందులో పెట్టు" అన్నాడు సుబ్బు.

పెట్టాడు. మణికట్టు దగ్గర ఏదో తడి ఉన్నట్టు తెలిసింది. దాని కింద నుంచి ఏ కబురూ రాలేదు. పగలంతా పాకలో ఉన్న క్యాను. లోపలి నీళ్ళు చల్లగా ఉన్నాయో, వేడెక్కి ఉన్నాయో, కాలిన చేతికి మేలు చేస్తున్నాయో కీడు చేస్తున్నాయో ఆయనకు తెలిసే దారి లేదు. పదకొండేళ్ళుగా ఈ ముగ్గురూ తన మొహం వైపు చూసి, "సరిపోయిందా అన్నా?" అని అడుగుతూ వచ్చారు. ఆయన ఎవరినీ ఏదీ అడిగిన గుర్తు లేదు.

"సుబ్బూ" అన్నాడు. "చల్లగా ఉండాయా?"

సుబ్బు పక్కన గొంతుక్కూర్చుని, తన చెయ్యి కూడా తొట్టిలో ముంచాడు. తొందరపడకుండా కాసేపు ఉంచి చూశాడు.

"చల్లగానే ఉండాయన్నా."

"సరే" అని జయరామయ్య చెయ్యి అందులోనే ఉంచాడు.